పటం పక్కన చీటీ

2024 సంక్రాంతికి మా తంజావూరులో మనవాళ్ళు మూడు రోజులపాటు ఒక కళా ప్రదర్శన పెట్టారు. మనవాళ్ళంటే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే మనబోటివాళ్ళు. అద్దెకు తీసుకున్న ఒక చిన్న గ్యాలరీ. రెండు గదులు, నడుమ ఒక నడవ. ఇళ్ళ నుంచి అడిగి తెచ్చిన వస్తువులు 60 దాకా ఉంటాయి. దానికి నేను కోశాధికారిని. బ్యాంకు ఉద్యోగి కంటపడితే ఏ సంఘమైనా అతణ్ణి కోశాధికారిని చేసి కూర్చోబెడుతుంది. అందులో నా గొప్పేమీ లేదు. నేను చదివింది బి.కాం. కళాశాస్త్రం నాకు రాదు. కాని ఆ మూడు రోజులూ రసీదు పుస్తకం పట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చున్నాను గనుక, వచ్చినవాళ్ళు దేని ముందు ఆగారో, దేన్ని దాటుకుని వెళ్ళిపోయారో చూశాను.

ఇలాంటి ప్రదర్శనల గురించి మన పత్రికల్లో 'కన్నుల పండువగా జరిగింది' అన్న వార్త వస్తుంది. అధ్యక్షులవారి ఫొటో వస్తుంది. విమర్శ మాత్రం రాదు. పరాయి ఊళ్ళో నలుగురం కలిసి కష్టపడి చేసినదాన్ని మనమే తప్పుపట్టడమా అన్న మొహమాటం ఉంటుంది. ఆ మొహమాటం నాకూ ఉంది. అయితే ఆ ప్రదర్శనలో జరిగిన తప్పుల్లో పెద్దది నా చేతిమీదుగానే జరిగింది గనుక, రాయడానికి కాస్త హక్కు ఉందనుకుంటున్నాను.

ముందు మంచి చెప్పాలి. పటాలను కంటి ఎత్తున తగిలించారు. ఇది చిన్న సంగతిగా కనిపిస్తుంది గాని, మన ఇళ్ళల్లో తంజావూరు పటం పూజగదిలో తలుపు పైన ఉంటుంది. మెడ ఎత్తి దణ్ణం పెట్టుకోవడమే తప్ప దాన్ని చూసినవాళ్ళు తక్కువ. ట్యూబులైట్లు ఆర్పేసి, పక్కవాటుగా పసుపు వెలుగు పడేట్టు బల్బులు పెట్టారు. తంజావూరు పటంలో బంగారం పరుచుకున్నది చదునైన నేల మీద కాదు. పనస పలక మీద గుడ్డ అంటించి, సుద్దపొడి జిగురుతో కలిపిన ముద్దను నగలున్న చోటా, మంటపాలున్న చోటా ఉబ్బుగా తీర్చి, ఆ ఉబ్బు మీద రేకు పొదుగుతారు. ఎదుటి నుంచి వెలుగు కొడితే అదంతా ఒకే పసుపు ముద్ద. పక్క నుంచి దీపం పడితేనే ఆ ఉబ్బుకు నీడ వచ్చి, హారంలో ఒక్కొక్క పూసా విడివిడిగా కనిపిస్తుంది. దీపం వెలుగులో చూడడానికి చేసినవాటిని దీపం లాంటి వెలుగులోనే చూపించారు. ఆ ఏర్పాటు చేసిన కుర్రవాడు ఎలక్ట్రీషియను. అతన్ని వేదిక మీదికి ఎవరూ పిలవలేదు.

ఇక మొదటి గది. గుమ్మంలోంచి అడుగు పెట్టగానే గోడంతా పరుచుకున్న ఫ్లెక్సు మీద శ్రీకృష్ణదేవరాయలు. ఆయనంటే ఎవరికి ఇష్టం ఉండదు? కాని ఆయన పోయింది 1529లో. తంజావూరులో నాయకరాజుల పాలన మొదలైంది 1532 ప్రాంతంలో, ఆయన తర్వాత గద్దెనెక్కిన అచ్యుతదేవరాయల కాలంలో. మొదటివాడు చెవ్వప్ప నాయకుడు. ఆయన భార్య అచ్యుతరాయల రాణికి చెల్లెలు. ఈ ఊరితో మన సంబంధం చెప్పదలచుకుంటే చెవ్వప్ప ఉన్నాడు, అచ్యుతప్ప ఉన్నాడు, తానే కావ్యాలు రాసిన రఘునాథ నాయకుడు ఉన్నాడు, 1673లో యుద్ధంలో నేలకొరిగిన విజయరాఘవుడు ఉన్నాడు. వీళ్ళందరినీ పక్కకు నెట్టి, ఇక్కడ రాజధాని పెట్టని రాయలను నిలబెట్టాం. ఎందుకని అడిగితే కార్యదర్శిగారు "జనానికి తెలిసిన ముఖం ఉండాలి గదండీ" అన్నారు. జనానికి తెలిసినదే చూపించడానికైతే ప్రదర్శన దేనికని నేను అనలేదు. ఫ్లెక్సు బిల్లు మీద సంతకం పెట్టింది నేనే.

రాయల పక్కన వరసగా పటాలు. వెన్నముద్ద కృష్ణుడు, రామపట్టాభిషేకం, గజలక్ష్మి. కొన్ని ముత్తాతల నాటివి. రంగు నల్లబడి, రాళ్ళు ఊడి, ఆ ఊడిన గుంటల్లో కుంకుమ చేరి ఉన్నాయి. ప్రతిదాని పక్కనా చీటీ ఉంది. వెన్నముద్ద కృష్ణుడి చీటీ మీద 'తంజావూరు చిత్రం. బంగారు రేకు. అతి పురాతనం' అనీ, దాని కింద పెద్దక్షరాలతో పటం ఇచ్చినవారి పేరూ, వారి ఉద్యోగమూ ఉన్నాయి. మిగతావీ అంతే. నా పటం కూడా ఒకటి ఉంది, మా అమ్మ పుట్టింటి నుంచి వచ్చిన గజలక్ష్మి. దాని చీటీ మీద నా పేరు, నా హోదా, నేను పనిచేసే బ్యాంకు కొమ్మ అన్నీ ఉన్నాయి. ఆ లక్ష్మికి నేను చేసిన సేవల్లా ఏటా ఒకసారి దుమ్ము దులపడం.

రెండో రోజు మధ్యాహ్నం, ఏడో ఎనిమిదో చదివే పిల్లవాడు చీటీలన్నీ ఓపికగా చదివి నా దగ్గరికి వచ్చాడు. "మామా, ఇవి మనవాళ్ళు చేసినవా, మనవాళ్ళు కొన్నవా?" అని అడిగాడు. నేను కొంచెం తడబడి "రెండూను" అన్నాను. వాడు నమ్మలేదు. చీటీల మీద కొన్నవాళ్ళ పేర్లే ఉన్నాయి మరి.

ఆ రోజు వాడికి చెప్పాల్సిన జవాబు ఇది. తంజావూరు, తిరుచ్చి ప్రాంతాల్లో ఈ పటాలు రాసింది ఎక్కువగా రాజులని పిలిచే చిత్రకారుల కుటుంబాలు. మదురైలో నాయుళ్ళు. వీళ్ళ పూర్వులు తెలుగు మాట్లాడేవాళ్ళనీ, విజయనగరం దెబ్బతిన్నాక, మదురైలో తంజావూరులో నాయకుల పాలన నిలదొక్కుకున్నప్పుడు, రాయలసీమ వైపు నుంచి దక్షిణానికి దిగి వచ్చారనీ కళాచరిత్రకారులు రాశారు. ఈ పటాలు బాగా వెలిగింది మాత్రం నాయకుల తర్వాత వచ్చిన మరాఠా రాజుల కాలంలో, ముఖ్యంగా 1798 నుంచి 1832 దాకా ఏలిన రెండో శరభోజి నాటికి. కుంపిణీ దొరలు వచ్చాక ఈ చేతులే వాళ్ళకోసం కాగితాల మీద కులవృత్తుల బొమ్మలూ, పండుగల బొమ్మలూ రాసి ఇచ్చాయి. ఏలినవాడు మరాఠీ, ఊరు తమిళం, కొన్నవాళ్ళలో ఇంగ్లీషువాళ్ళు, కుంచె పట్టినవాళ్ళల్లో చాలామంది ఇంట్లో తెలుగు. ఈ నాలుగూ కలిస్తేనే తంజావూరు పటం. అందులో మూడింటికి చరిత్రలో పేర్లున్నాయి. నాలుగోదానికి లేదు. ఈ పటాల మీద సంతకం పెట్టే ఆచారం చాలావరకు లేదు. 2007-08లో తంజావూరు చిత్రాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఊరి పేరుకు వచ్చిన గుర్తింపు. మంచిదే. కాని ఊరు కుంచె పట్టదు గదా.

ఇక్కడ ఒక సంగతి నన్ను చాలాకాలంగా తొలుస్తోంది. ఇదే తంజావూరు సీమలో, తిరువయ్యారులో, త్యాగరాజస్వామి పాడుకున్నారు. ఆయన పోయిన 1847 నుంచి ఇప్పటిదాకా ఎవరు పాడినా ఆ పాట తెలుగులోనే ఉంది. మెలట్టూరు భాగవతమేళా ఇప్పటికీ తెలుగులోనే ఆడుతున్నారు. ఆడేవాళ్ళూ చూసేవాళ్ళూ తమిళం మాట్లాడినా, మాట మాత్రం తెలుగే. ముద్దుపళని కావ్యం బెంగుళూరు నాగరత్నమ్మగారి చేతికి దొరికి 1910లో మళ్ళీ అచ్చయితే, అదేం భాష అని ఎవరూ అడగనక్కరలేకపోయింది. పాట తన భాషను తానే మోసుకుపోతుంది. పటానికి ఆ అదృష్టం లేదు. వెన్నముద్ద కృష్ణుడు ఏ భాషలోనూ లేడు. ఆయన్ని రాసినవాడు అన్నం తింటూ ఏ భాషలో ఉప్పు అడిగాడో పటంలో కనబడదు. అది చెప్పగలిగింది పక్కనున్న చీటీ ఒక్కటే. మనబోటివాళ్ళ ప్రదర్శనలో చీటీకి ఉన్న విలువ అది. పెద్ద మ్యూజియంలో చీటీ ఒక వివరం. మన దగ్గర అది పటంలో సగం.

ఇలా అన్నానని 'తంజావూరు చిత్రం తెలుగువారి సొత్తు' అని రాసి తగిలించమంటున్నట్టు అనుకోవద్దు. అది రాయల ఫ్లెక్సు కంటే పెద్ద తప్పు. ఈ ఊరి పనస పలక, ఈ ఊరి గుళ్ళు, మరాఠా దర్బారు డబ్బు, తరవాత ఈ పని నేర్చుకున్న అన్ని కులాల తమిళుల నేర్పు, ఇవన్నీ తీసేస్తే మనకు మిగిలేది సుద్దముద్ద. నేను అడిగేది సొంతదారు పేరు కాదు. చేసినవారి పేరు.

ఇక రెండో గది. నడవ దాటి వెళ్ళాలి. అక్కడ మంచినీళ్ళ క్యాన్లు, కాగితపు గ్లాసులు, వాటి వెనక బల్లల మీద మరో 11 పటాలు. వీటన్నిటికీ కలిపి ఒకే చీటీ: 'మహిళల హస్తకళలు'. ఈ పటాలు ఈ ఊళ్ళో క్లాసులకు వెళ్ళి నేర్చుకున్న ఆడవాళ్ళు చేసినవి. ఇప్పుడు పనస పలక బదులు ప్లైవుడ్డు వాడుతున్నారు, పాత రంగుల బదులు డబ్బా రంగులు. దాన్ని చూసి 'ఇది అసలు తంజావూరు కాదు' అని పెదవి విరిచిన పెద్దమనుషులు ఉన్నారు. వాళ్ళంతా ముందు గదిలో పురాతనం దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు.

ఆ పదకొండింటిలో పది చూసినవే మళ్ళీ చూసినట్టుంటాయి. ఒకే క్లాసు, ఒకే అచ్చు, ఒకే కృష్ణుడు. బంగారం అంచు నుంచి అంచు దాకా. ఇది నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. అచ్చు మీద గీసుకుని రంగు నింపినది సాధన అవుతుంది, చిత్రం అనడానికి ఇంకా దూరం ఉంది. అది చేసినవాళ్ళకూ తెలుసు. తెలియనట్టు పొగడడం వాళ్ళకు చేసే మర్యాద కాదు.

పదకొండోది వేరు. రెండడుగుల పలక. వాకిట్లో ముగ్గు వేస్తున్న ముసలామె, వెనక నుంచి. ముఖం కనబడదు. వంగిన నడుము, దోపిన చీర కుచ్చెళ్ళు, ముగ్గుపిండి పట్టిన కుడిచెయ్యి. తంజావూరు పటంలో ఖాళీ ఉండకూడదంటారు. తోరణాలు, తెరలు, స్తంభాలతో నింపేస్తారు. ఈమె మూడింట రెండు వంతులు ఉత్త జేగురు రంగు నేల వదిలేసింది. బంగారం రెండే చోట్ల ఉంది, ముసలామె చెవి కమ్మలో, గూట్లో ఉన్న దీపపు మొనలో. అసలు తెలివి ముగ్గులో ఉంది. చుక్కలను సుద్దముద్దతో ఉబ్బుగా పెట్టి, రేకు అంటించకుండా తెల్లగా వదిలేసింది. రాజుల కిరీటాలకు వాడే పనితనాన్ని తెచ్చి పిండిచుక్కలకు వాడింది. పక్క నుంచి పడిన వెలుగులో ఆ చుక్కలకు ఒక్కొక్కదానికీ పిసరంత నీడ. దగ్గరికెళితే చేత్తో తడమాలనిపిస్తుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలు తడిమారు కూడా. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పాదాలు బిగుసుకుపోయాయి, నేల మీద ఆనినట్టు లేవు. గుమ్మం ఒక వైపు నుంచి చూసినట్టూ, మెట్లు ఇంకో వైపు నుంచి చూసినట్టూ ఉన్నాయి. గుమ్మం పట్టెడ మీద రెండు ఎర్ర రాళ్ళు ఏ పనీ లేకుండా మెరుస్తున్నాయి. ఆ రాళ్ళ గురించి ఆమెనే అడిగాను. మా వీధి చివర ఉండే గృహిణి. "రాళ్ళు లేకుంటే తంజావూరు పటమే కాదన్నారు అన్నా మా టీచరు. మనసొప్పక రెండే పెట్టినాను" అంది. ఆ ముసలామె ఎవరమ్మా అంటే "మా అవ్వ. ముఖం గుర్తు లేదు, వీపు గుర్తుంది" అంది. ముఖం ఎందుకు లేదో అప్పుడు తెలిసింది.

ఈ పటాన్ని ముందు గదిలోకి తెద్దామని ఆ సాయంత్రం కమిటీలో అన్నాను. "దేవుడి పటం కాదు గదండీ" అన్నారొకరు. "పురాతనం కూడా కాదు" అన్నారు ఇంకొకరు. అదీ నిజమే. మా ప్రదర్శనలో ముందు వరసకు రావాలంటే చిత్రకారుడు చచ్చిపోయి ఉండాలి, పేరు కూడా పోయి ఉండాలి. బతికి, పేరున్నవాళ్ళు నీళ్ళ క్యాన్ల పక్కన.

అన్నిచోట్లా ఇలా లేదు. బెంగుళూరులో కుమారకృప రోడ్డు మీద చిత్రకళా పరిషత్తువారు 2004 నుంచి జనవరిలో జరిపే చిత్రసంతె చూసినవాళ్ళకు తెలుసు. గోడలూ లేవు, గ్యాలరీ లేదు, రోడ్డు పొడుగునా బొమ్మలు, బొమ్మ పక్కన దాన్ని గీసిన మనిషి. చీటీ లేకపోయినా ఫరవాలేదు, చీటీకి బదులు మనిషే కూర్చుని ఉన్నాడు. చెన్నై దగ్గర చోళమండలం కళాకారుల గ్రామం కథ లెక్కల మనిషిగా నాకు మరీ ఇష్టం. 1966లో కె.సి.ఎస్. పణికర్ నడిపించగా చిత్రకారులూ శిల్పులూ కలిసి, బాతిక్ గుడ్డలూ చేతిపనులూ చేసి అమ్మిన డబ్బుతో సముద్రం ఒడ్డున నేల కొనుక్కుని ఇళ్ళు కట్టుకున్నారు. 2009లో అక్కడే మద్రాసు కళోద్యమానికి ఒక మ్యూజియం కూడా వెలిసింది. చేసినవాళ్ళే జాగాకు సొంతదారులైతే పేర్లు పోవడం కష్టం. మన సంఘాల్లో సొంతదారులం మనం, అంటే పటాలు ఇంట్లో ఉన్నవాళ్ళం. కాబట్టి చీటీ మీద మన పేర్లు ఉంటాయి.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. దానికి 1998కి వెళ్ళాలి. అప్పుడు కుంభకోణం వైపు ఒక కొమ్మలో నగల మీద అప్పులిచ్చే సీట్లో ఉన్నాను. ఒకరోజు పెద్దాయన ఒకరు పాత పంచెలో చుట్టిన పలకను తెచ్చి బల్ల మీద పెట్టారు. విప్పితే రామపట్టాభిషేకం. దాన్ని కుదువ పెట్టుకుని అప్పు ఇవ్వమన్నారు. తమిళంలోనే అడిగారు. పటంలో బంగారం తూచడానికి వీల్లేదనీ, గీటురాయి మీద గీయడానికి వీల్లేదనీ, రేకు ఎంత పలచనో చెప్పి, నగలైతేనే తీసుకుంటామన్నాను. నా పేరు పలక మీద చూశారు గాబోలు, తెలుగులోకి మారి, "మా నాయన చేతి పని అయ్యా ఇది" అన్నారు. పటాన్ని తిప్పి వెనక వైపు చూపించారు. చెక్క మీద నల్ల సిరాతో ఏదో రెండు వరసలు రాసి ఉంది. తెలుగు అక్షరాలే. మా అవ్వ నాకు ఆ అక్షరాలు నేర్పింది, చదవగలను. వెనక ఏడెనిమిదిమంది టోకెన్లు పట్టుకుని నిలబడ్డారు. "రూలు ఒప్పుకోదు పెద్దాయనా" అన్నాను. ఆయన మళ్ళీ పంచెలో చుట్టుకుని వెళ్ళిపోయారు.

అప్పు ఇవ్వకపోవడం తప్పు కాదు. ఇవాళైనా ఇవ్వను. ఆ రెండు వరసలూ చదవకూడదని మాత్రం ఏ రూలూ లేదు. మీ నాయనగారి పేరేమిటని అడగకూడదని ఏ సర్క్యులరూ రాలేదు. అర నిమిషం పని. ఆ పటం తరవాత ఎక్కడికి పోయిందో తెలియదు. అవసరంలో ఉన్న మనిషి చేతిలోని పటం ఎక్కడికి పోతుందో ఊహించడం కష్టం కాదు. కొన్నవాడు వెనక చెక్క మార్చి, కొత్త చట్రం వేయించి ఉంటే ఆ రెండు వరసలూ పోయినట్టే.

ఆ తప్పు ఒకసారి చేసి ఊరుకోలేదు. 2024 ప్రదర్శనకు వస్తువులు తీసుకునే రిజిస్టరు తయారు చేసింది నేను. బ్యాంకు సేఫ్ కస్టడీ రిజిస్టరు చూసి గళ్ళు గీశాను. వరస నంబరు, వస్తువు, ఇచ్చినవారి పేరు, చిరునామా, అంచనా విలువ, తీసుకున్న తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ, సంతకం. ఒక్క వస్తువు పోలేదు, ఒక్క సంతకం తప్పలేదు. ఆడిటరు చూసినా మెచ్చుకునేవాడు. చీటీలు రాసిన పిల్లలు ఆ రిజిస్టరు ముందు పెట్టుకునే రాశారు. రిజిస్టరులో లేనిది చీటీ మీదికి ఎక్కడి నుంచి వస్తుంది? 'చేసినవారు' అన్న గడి నేను గీయలేదు. పిల్లవాడు అడిగిన ప్రశ్నకు జవాబు లేకుండా చేసింది నా స్కేలూ పెన్సిలే.

ప్రదర్శన ముగిశాక, వస్తువులు తిరిగి ఇచ్చే ముందు, మా గజలక్ష్మిని తిప్పి చూశాను. వెనక ఏమీ లేదు. చెదలమందు మరక తప్ప. అమ్మ ఉంటే అడిగేవాణ్ణి.

2025 సంక్రాంతికి మళ్ళీ ప్రదర్శన పెట్టాం. ఈసారి రిజిస్టరులో మూడు గళ్ళు చేర్చాను. చేసినవారు, చేసిన ఊరు, వెనక ఏమైనా రాసి ఉందా. పటం తీసుకునేటప్పుడే ఇచ్చినవాళ్ళ ఎదుట తిప్పి చూశాం. 40 పటాల్లో నాలిగింటికి పేర్లు దొరికాయి. మిగతావాటికి 'తెలియదు' అని రాసుకున్నాం. చీటీ మీద కూడా అలాగే రాయాలని పట్టుబట్టాను. "తెలియదు, తెలియదు అని గోడంతా రాస్తే పరువు పోదా?" అన్నారు కార్యదర్శిగారు. లెడ్జరులో బాకీ ఉన్నప్పుడు బాకీ అనే రాస్తాం గదండీ, ఖాళీ వదిలేస్తే లెక్క సరిపోయినట్టు కనబడుతుంది అన్నాను. ఆ మాట ఆయనకు నచ్చిందో, నాతో వాదించి లాభం లేదనుకున్నారో, ఒప్పుకున్నారు. రెండో గది ఆడవాళ్ళ పటాలు ఎవరి చీటీ వారికి వచ్చింది. నీళ్ళ క్యాన్లు నడవలోకి వెళ్ళాయి. రాయల ఫ్లెక్సు మాత్రం అక్కడే ఉంది. ఒక్క ఏడాదిలో అన్నీ కుదరవు.

చీటీ ఏ లిపిలో రాయాలన్నది కూడా మనకు చిన్న సమస్య కాదు. తమిళనాట 2006 చట్టం తరవాత బళ్ళో తమిళం అందరికీ తప్పనిసరి అయింది. మన పిల్లల్లో తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు, చదవగలిగేవాళ్ళు తగ్గిపోయారు. ఒక్క తెలుగులోనే చీటీ రాసి మురిసిపోతే దాన్ని చదివేది నాబోటి వయసువాళ్ళు. తమిళంలోనే రాస్తే ఈ గదికీ బయటి గదికీ తేడా ఉండదు. అందుకని పైన తెలుగు, కింద తమిళం, రెండూ ఒకే సైజు అక్షరాలు. పిల్లలు కింది వరస చదువుకుని, దాని సాయంతో పై వరస కూడబలుక్కోవడం నా కళ్ళారా చూశాను. ఏ వాచకమూ చేయని పని ఆ చీటీ చేసింది.

ఈ పత్రిక చదివేవాళ్ళలో హోసూరువారున్నారు, బరంపురంవారున్నారు, షోలాపూరువారు, యానాంవారు ఉన్నారు. మీ ఊళ్ళల్లోనూ ఉగాదికో సంక్రాంతికో ఇలాంటి ప్రదర్శనలు జరుగుతూనే ఉంటాయి. అన్ని ఊళ్ళల్లో తంజావూరు పటాలు ఉండవు. షోలాపూరులో తెలంగాణ నుంచి వెళ్ళి స్థిరపడిన పద్మశాలీల మగ్గం మీది దుప్పటి ఉంటుంది. మా జిల్లాల చుట్టుపక్కలే 2021లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కరుప్పూరు కలంకారీ గుడ్డలు గుళ్ళల్లో తోరణాలై వేలాడుతుంటాయి. వస్తువు ఏదైనా గడి ఒకటే. మీ సంఘంలో రిజిస్టరు రాసేవారెవరో, బహుశా ఆయనా ఏదో ఒక బ్యాంకువాడే అయి ఉంటాడు, ఆయనకు ఈ వ్యాసం చూపించండి. వస్తువును తీసుకునేటప్పుడు తిప్పి చూడమనండి. వెనక అక్షరాలుంటే అక్కడికక్కడే చదివి రాసుకోమనండి. వెనక వరస ఎంత పొడుగున్నా ఫరవాలేదు, అర నిమిషం ఆగుతారు.

'తెలియదు' అని రాసిన 36 చీటీల్లో ఒకదాని ముందు ఈ ఏడు ఒక నడివయసు ఆమె చాలాసేపు నిలబడింది. పటం ఆమె ఇంటిదే. "ఇట్ల రాసి ఉంటే చూసేదానికి బాగలేదు అన్నా. మా పెద్దత్తకు ఎనభై దాటినాయి, అడిగి చూస్తాను" అని వెళ్ళింది. ఇంకా ఏ కబురూ రాలేదు. ఆ గడి ఖాళీగానే ఉంచాను.